పసిబిడ్డల ఆటబొమ్మలు - పంచాయతీ సభ్యుల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గురించి, మంచినీటి పథకములను గురించి, పన్నుల వసూలును గురించి మీరు ఈ తరగతులలో చాల విషయములు వినియున్నారు. ఈ పూట మేము చెప్పబోవు విషయము వానితో పోల్చి చూచినచో బహు చిన్నదిగా తోచవచ్చును. అది గుడ్డ బొమ్మల విషయము. పాతచీరల ముక్కలతోను, దర్జీ అంగడిలో మిగిలిన కత్తిరింపులతోను పసిపిల్లలకు ఆటవస్తువులు కుట్టుటను గురించి నాలుగు మాటలు చెప్పుటకు మేము మీ ముందునకు వచ్చినాము. “ఇది ఇంటిలో ఆడవారు చూచుకొనెడి పని గదా, పంచాయతీకి దీనితో ఏమి సంబంధము?” అని మీలో కొందరికి అనిపించుట సహజమే. ఆ సంబంధమేదో చెప్పుటకే ఈ ప్రసంగము.

తాళము వేసిన బీరువా

మేము ప్రచార కార్యములపై గ్రామములు తిరుగుచు ఒకచోట అంగన్‌వాడీ కేంద్రమునకు వెళ్ళితిమి. గది శుభ్రముగా ఉన్నది. గోడలపై రంగుబొమ్మలు వేసియున్నవి. ఒక మూల అద్దాల బీరువా, దాని నిండ ఆటవస్తువులు: చెక్కదిమ్మెలు, ప్లాస్టిక్ బండ్లు, ఒకదానిలో ఒకటి ఇమిడెడి గిన్నెలు. కొన్నిటికి చుట్టిన కాగితము కూడ ఇంకను విప్పలేదు. బీరువాకు తాళము వేసియున్నది. పిల్లలు గోడవారగా చాపపై కూర్చుండిరి. వారిలో నాలుగేండ్ల పిల్ల ఒకతె లేచి వచ్చి, అద్దమునకు ముక్కు ఆనించి, లోపలి ఎర్రబండిని చూచుచు నిలుచున్నది. అద్దముపై అంత ఎత్తులోనే చిన్న చిన్న వ్రేళ్ళ గుర్తులు ఇంకను చాల ఉన్నవి.

“బొమ్మలు పిల్లలకు ఈయలేదేమమ్మా?” అని కార్యకర్తను అడిగితిమి. ఆమె నొచ్చుకొని, “ఇవ్వకూడదని కాదండీ. ఒక్కటి విరిగినా రిజిస్టరులో లెక్క చెప్పుకోవలసింది నేనే. చూడవచ్చిన పెద్దలందరూ బొమ్మలు లెక్కకు సరిపోయాయా అని అడుగుతారు. పిల్లలు ఆడుకున్నారా అని ఎవరూ అడగరు” అని చెప్పినది.

ఆమె మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. అంతకు ముందు ఎన్నో కేంద్రములను చూచియుండియు, ఆ ప్రశ్న మేమును ఏనాడు అడిగినవారము కాము.

అంతలో ఒక అవ్వ తన మనుమని తీసికొనిపోవుటకు వచ్చినది. పిల్లవాడు ఏదో పేచీ పెట్టి ఏడ్చుచున్నాడు. అవ్వ తన భుజముపైనున్న తువాలు తీసి, ఒక మూల రెండు చెవులవలె నిలుచునట్లు ముడివేసి, మిగిలిన దానిని లోనికి మడచి, అరచేతిలో కుందేలువలె గంతులు వేయించినది. పిల్లవాడు ఏడుపు మాని నవ్వినాడు. చాపపై నున్న పిల్లలందరును లేచి అవ్వ చుట్టు మూగిరి. తువాలు క్రింద పడినను, మురికి అయినను, ముడి ఊడినను ఎవరికిని చింత లేదు. అవ్వ మరల ముడి వేయగలదు.

ఆనాటి నుండి మేము ఏ గ్రామమునకు వెళ్ళినను చెప్పుచున్న మాట ఇది: ఊరివారు తామే చేసికొని, చిరిగినపుడు తామే కుట్టుకొనగల బొమ్మ అయినచో, దానిని పిల్లవాని చేతికి భయములేక ఈయవచ్చును. కొన్న బొమ్మలు వద్దని మేము చెప్పుటలేదు. వానిని కూడ బీరువాలోనుండి బయటకు తీయవలెననియే మా కోరిక. కాని అంతవరకు పిల్లల చేతులు ఖాళీగా ఉండనవసరము లేదు.

ఆట పనికిమాలినది కాదు

పిల్లవాడు ఆడుకొనుచున్నచో కాలము వృథా చేయుచున్నాడని తలచుట పెద్దలకు అలవాటు. నిజమునకు పసివానికి ఆటయే చదువు. బంతిని పట్టుకొనబోయి జారవిడిచినపుడు కన్నును చేయిని కలిపి నడుపుట నేర్చును. బొమ్మకు అన్నము తినిపించునపుడు మాట నేర్చును. తన వంతు వచ్చువరకు ఆగునపుడు నలుగురిలో మెలగుట నేర్చును. 2020 నాటి జాతీయ విద్యా విధానము, మెదడు వికాసములో 85 శాతమునకు పైగా ఆరేండ్ల లోపుననే జరుగునని పేర్కొని, ఆ వయస్సులో బోధన ఆటపాటల ద్వారా సాగవలెనని చెప్పినది. 2022లో వెలువడిన ప్రాథమిక దశ పాఠ్యప్రణాళిక కూడ మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు ఆటనే ముఖ్యసాధనముగా గ్రహించినది.

ఇది మన దేశమునకు క్రొత్త విషయము కాదు. గుజరాతులోని భావనగరములో గిజుభాయి బధేకా గారు 1920లో బాలమందిరమును నెలకొల్పి, ఆటల ద్వారా, కథల ద్వారా విద్య గరపిరి. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ గారు 1945లో మహారాష్ట్రమునందలి బోర్డీ గ్రామములో బాలవాడి పని ప్రారంభించిరి. ఆమెకు అనుతాయి వాఘ్ గారు తోడుగా నిలిచిరి. పట్టణములలోని బాలబడులలో వాడెడి ఖరీదైన పరికరములు బీదపల్లెలకు అందవని వారు గ్రహించి, ఊరిలో దొరకెడి గింజలు, ఆకులు, గవ్వలు, మట్టి మొదలగు వానితోనే పరికరములను కల్పించుకొనిరి. పిల్లలు బడికి రాలేనిచోట పిల్లల ముంగిటికే బడిని తీసికొని వెళ్ళిరి. అంగన్ అనగా ముంగిలి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైనపుడు దేశమంతట ఏర్పడిన కేంద్రములకు ఆ పేరే వచ్చినది. కావున అంగన్‌వాడీ అను మాటలోనే ఊరి ముంగిలి ఉన్నది, ఊరి వస్తువులు ఉన్నవి.

పంచాయతీకి సంబంధమేమని గదా ప్రశ్న. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించినది. దానిలో 31వ అధికరణము ప్రతి బిడ్డకును ఆడుకొను హక్కు గలదని చెప్పుచున్నది. మన దేశము ఆ ఒడంబడికలో చేరినది 1992 డిసెంబరు 11వ తేదీన. అదే నెల 22వ తేదీన పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణను లోక్‌సభ ఆమోదించినది. అది 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేర్చిన 11వ షెడ్యూలులోని 29 విషయములలో 25వది మహిళా శిశు అభివృద్ధి. మీరు కూర్చుండు కుర్చీకి, ఆ పిల్ల అద్దమునకు ముక్కు ఆనించి చూచుచున్న బొమ్మకు సంబంధము ఇదియే.

ఏ గుడ్డ మంచిది?

ఇక పనిలోనికి వత్తము. ముందుగా గుడ్డ. పలుమారులు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ అన్నిటికంటె శ్రేష్ఠము. పాత పంచెలు, నూలుచీరలు, దుప్పట్లు, పిల్లల పావడాలు, బనీనులు అన్నియు పనికివచ్చును. చేనేత గ్రామములలో మగ్గముల వద్ద మిగిలిన తుండ్లు దొరకును. ఊరి దర్జీ జాకెట్లు, చొక్కాలు కుట్టగా మిగిలిన ముక్కలను మూటగట్టి పారవేయుచుండును. నెలకు ఒక మూట అడిగిన కాదనడు.

జరీ అంచులు, మెరుపు బిళ్ళలు, అద్దములు గల గుడ్డలు పనికిరావు. అవి గీచుకొనును, ఊడి నోటిలోనికి పోవును. నిప్పు తగిలిన కరగి అంటుకొనెడి సిల్కువంటి కృత్రిమపు గుడ్డలను వదలవలెను. రంగుగుడ్డ అయినచో తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడవలెను. తెల్లగుడ్డకు రంగు అంటినచో దానిని వాడరాదు. ఏలయన పసిబిడ్డ ఏ బొమ్మనైనను ముందు నోటిలోనే పెట్టుకొనును. ఏరిన గుడ్డలను సబ్బుతో ఉతికి, మరిగిన నీటిలో ముంచితీసి, ఎండలో బాగుగ ఆరవేసిన తరువాతనే కత్తెర పెట్టవలెను.

లోపల కూరుటకు శుభ్రమైన దూది గాని, బూరుగుదూది గాని, సన్నగా కత్తిరించిన గుడ్డపేలికలు గాని తగును. ఊక, రంపపు పొట్టు, గడ్డి వద్దు. అవి తడిసి కుళ్ళును, పురుగు పట్టును. బియ్యము, జొన్నలు, పప్పులు పోసినను పురుగు పట్టును. పైగా తిండిగింజలను బొమ్మలలో కూరుట మన గ్రామములలో ఎవరికిని నచ్చదు.

కుట్టు విషయములో ఒక్క మాట. సూదిని ముందునకు దూయుచు పోయెడి మామూలు కుట్టు బొమ్మలకు చాలదు. ఒకచోట దారము తెగినచో వరుస అంతయు ఊడిపోవును. కావున ప్రతి కుట్టునకును సూదిని వెనుకటి కుట్టు కొస వద్ద దించి, ముందునకు తీయవలెను. దీనిని వెనుక కుట్టు అందురు. జంటదారముతో, దగ్గరదగ్గరగా, రెండు వరుసలు కుట్టవలెను. మిషను ఉన్నవారు రెండుమారులు మిషను వేసిన చాలును.

ఏమేమి కుట్టవచ్చును?

గుడ్డబంతి: దీనితో ప్రారంభించుట మేలు. అయిదంగుళముల బంతికి కమలాతొనల ఆకారముగల ముక్కలు ఎనిమిది కావలెను. ఒక్కొక్కటి ఎనిమిదంగుళముల పొడవు, నడుమ రెండంగుళముల వెడల్పు కలిగి, రెండు కొసలు సన్నబడి యుండవలెను. కుట్టు కొరకు చుట్టును పావంగుళము అదనముగా విడువవలెను. రెండేసి రంగులు మార్చి మార్చి లోపలివైపు పైకి ఉంచి ప్రక్కప్రక్కన కుట్టి, చివర రెండంగుళముల సందు విడిచి, తిరగవేసి, దూది కూరి, సందు మూయవలెను. ఈ బంతి తగిలినను పిల్లవానికి దెబ్బ తగులదు, కిటికీ పగులదు. కంటిచూపు లేని బిడ్డ ఉన్నచోట లోపల ఇంకొక చిన్న సంచిలో గజ్జెలు వేసి, ఆ సంచిని రెండు వరుసలు కుట్టి, దూది నడుమ ఉంచవలెను. బంతి దొర్లిన దిక్కును చప్పుడునుబట్టి ఆ బిడ్డ కూడ గుర్తించి తక్కినవారితో కలిసి ఆడగలడు.

చింతపిక్కల సంచులు: నాలుగంగుళముల చదరపు సంచులు. శుభ్రపరచి ఎండబెట్టిన చింతపిక్కలను లోపలి సంచిలో సగమునకు మించి పోసి, దానిని కుట్టివేసి, పైన మరియొక సంచి తొడిగి కుట్టవలెను. గంపలోనికి విసరుట, తలపై పెట్టుకొని పడిపోకుండ నడచుట, రంగులవారీగా విడదీయుట, లెక్కించుట మొదలైన ఆటలు వీనితో ఆడవచ్చును. ఇవి మూడేండ్లు దాటినవారికి మాత్రమే ఈయవలెను.

మనిషిబొమ్మ: జానెడున్నర పొడవుగల బొమ్మ పిల్లవాని చంకలో ఇముడును. తల, మొండెము ఒకే ముక్కగా కత్తిరించి, చేతులు కాళ్ళు వేరుగా కుట్టి, మొండెపు కుట్టులోనికి చొప్పించి బిగించవలెను. మొగము కొరకు తెల్లగుడ్డనే వెదకనవసరము లేదు. మన బిడ్డల మేనిచాయలో ఉన్న గోధుమ, ముదురు రంగు గుడ్డలే అందమైనవి. కన్నులు, ముక్కు, నోరు రంగుదారముతో కుట్టవలెను. ఒక బొమ్మకు తలపాగ, పంచె. ఒకదానికి చీర, గొబ్బిపూల జడ. ఒకదానికి బడిపిల్ల గౌను. తమ ఇంటివారివలె నున్న బొమ్మతో పిల్లలు మాట కలుపుదురు. బొమ్మల పెండ్లి, సంక్రాంతి బొమ్మల కొలువు మన ఇండ్లలో పూర్వమునుండి ఉన్నవియే. మగపిల్లలకు బొమ్మలు ఈయరాదను నియమమేదియు లేదు. బొమ్మను జోకొట్టిన పిల్లవాడు రేపు తన చెల్లెలిని కూడ ఓపికగా చూచుకొనును.

చేతితొడుగు బొమ్మలు: కార్యకర్త తన చేతిని గుడ్డపై పరచి, చుట్టును ఒక అంగుళము విడిచి గీత గీసి, రెండు పొరలు కుట్టిన తొడుగు వచ్చును. చెవులు కుట్టిన కుందేలు, తొండము కుట్టిన ఏనుగు, ముక్కు కుట్టిన చిలుక అగును. పెద్దలయెదుట నోరు విప్పని పిల్లలు కూడ చేతిలోని చిలుక అడిగినచో జవాబు చెప్పుదురు. తోలుబొమ్మలాట చూచి పెరిగిన నేలలో దీని బలము వేరుగ చెప్పవలసిన పని లేదు.

గుడ్డపుస్తకము: పంచెగుడ్డను రెండు పొరలుగా మడచి, జానెడు చదరముగల ఆరు ఆకులు కుట్టి, నడుమ కలిపి బిగించవలెను. ఒక ఆకుపై వంకాయ, ఒకదానిపై మామిడికాయ రంగుగుడ్డతో అతికి కుట్టవచ్చును. ఒకదానిపై జేబు, లోపల గుడ్డచేప ఉంచవచ్చును. ఒక ఆకుపై ముడి విప్పి ముడి వేసెడి నాడాలు పెట్టవచ్చును. నాలుగైదేండ్ల వారికి పెద్ద బొత్తాము, కాజా అమర్చవచ్చును. బొత్తాము పెట్టుట నేర్పు పలకలను మరియా మాంటిస్సోరి గారు తమ శిశువిద్యా పరికరములలో చేర్చిరి. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన విషయము మీలో కొందరు వినియుందురు. ఆ పలకలు చేయు పనినే మన పాతచొక్కా బొత్తాముల పట్టీ కూడ చేయును. ఇంకొక ఆకుపై గోనె, నూలు, పట్టు, ముఖమలు ముక్కలు ప్రక్కప్రక్కన కుట్టినచో గరుకు, నునుపు తడిమి తెలిసికొందురు.

ఆటపటము: దుప్పటి ముక్కపై అయిదు నిలువు, అయిదు అడ్డము గళ్ళు రంగుదారముతో కుట్టి, నడిమి గడిలోను, నాలుగు వైపుల నడిమి గళ్ళలోను అడ్డగీతలు వేసినచో అష్టాచెమ్మ పటము సిద్ధమగును. పులి-మేక పటమును కూడ ఇట్లే కుట్టవచ్చును. కాయలకు గుడ్డతో పొదిగిన చిన్న దిండ్లను వాడవచ్చును. ఇది బడికి పోవు పిల్లలకు, పెద్దలకు కూడ పనికివచ్చును. మడచి సంచిలో పెట్టుకొనవచ్చును.

ప్రతి బొమ్మకును దిండుకు గలీబువలె పైతొడుగు వేరుగ ఉండునట్లు కుట్టిన మరీ మంచిది. తొడుగును విప్పి వారమునకు ఒకమారు ఉతుకవచ్చును. దూదితో కూడ తడిపిన బొమ్మ లోపల ఆరక ముక్కిపోవును. గుడ్డబొమ్మల లోపమంతయు మురికియే. ఉతికెడి ఏర్పాటు లేనిచోట గుడ్డబొమ్మలు కుట్టకుండుటే మేలని మేము దాపరికము లేకుండ చెప్పుచున్నాము.

ప్రేమ చాలదు, జాగ్రత్త కావలెను

ఇంటిలో చేసినది గావున అపాయము లేదనుకొనుట పొరపాటు. ఈ క్రింది నియమములను సభ్యులు తామే స్వయముగా పరీక్షించవలెను.

మొదటిది, మూడేండ్ల లోపు బిడ్డల బొమ్మలకు బొత్తాములు, పూసలు, గవ్వలు, గింజలు కుట్టరాదు. ఆటవస్తువుల ప్రమాణములలో చిన్నవస్తువులను పరీక్షించుటకు వాడు గొట్టము వ్యాసము 31.7 మిల్లీమీటర్లు, అనగా సుమారు అంగుళముంబావు. ఆ గొట్టములో పూర్తిగా ఇమిడిపోవునది ఏదైనను పసివాని గొంతులో అడ్డుపడగలదు. అట్టి గొట్టమునొకదానిని అట్టముక్కతో చుట్టి కేంద్రములో ఉంచుకొనిన మంచిది.

రెండవది, బొమ్మలకు వ్రేలాడు త్రాళ్ళు, నాడాలు జానెడుకంటె పొడవు ఉండరాదు. పొడవైనది మెడకు చుట్టుకొనును.

మూడవది, ఏడాది నిండని శిశువు నిదురించునపుడు ఉయ్యాలలో మెత్తని బొమ్మగాని, దిండుగాని ఉంచరాదు. అది ముక్కునకు అడ్డుపడి ఊపిరి సలుపకపోవచ్చును. ఉయ్యాలపై గుడ్డచిలుకలు కట్టుట మన ఇండ్లలో ముచ్చటైన ఆచారము. వానిని బిడ్డ చేతికి అందనంత ఎత్తున కట్టవలెను. బిడ్డ లేచి కూర్చుండుట నేర్చినది మొదలు విప్పివేయవలెను.

నాల్గవది, పూర్తియైన ప్రతి బొమ్మను ఇద్దరు పెద్దలు చెరియొక కొస పట్టుకొని గట్టిగా లాగి చూడవలెను. కుట్టు విచ్చిన దానిని మరల కుట్టువరకు పిల్లలకు ఈయరాదు.

అయిదవది, కుట్టుపని జరుగునపుడు సూదులను, గుండుసూదులను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసికొనవలెను. ఒక్క సూది తక్కువైనను దొరకువరకు ఆనాటి బొమ్మలేవియు గది దాటరాదు. రిజిస్టరులో లెక్క చెప్పవలసిన వస్తువు ఏదైన ఉన్నదనిన, అది ఈ సూదియే.

పంచాయతీ ఏమి చేయవలెను?

ఇన్నియు విన్న తరువాత ఒక గ్రామ పెద్ద మమ్ము అడిగిన ప్రశ్న మీ మనస్సులలో కూడ ఉండవచ్చును. “మా ఊరిలో కాలువగట్టు తెగి ఉన్నది. కుళాయికి రోజు విడిచి రోజు నీరు. ఇవి విడిచి బొమ్మలకు తీర్మానమా? ఊరివారు నవ్వరా?” అని ఆయన అడిగిరి. కాలువగట్టు పని ఆపి బొమ్మలు కుట్టుమని ఎవరును చెప్పరు. ఆ గట్టుకు నిధులు కావలెను, అంచనాలు కావలెను, పైవారి మంజూరు కావలెను. బొమ్మలకు కావలసినది పాతగుడ్డ, సూది, దారము, నలుగురు కూడి కూర్చుండుటకు ఒక పూట. గట్టు పని వచ్చే ఏడు పూర్తియైనను పొలమునకు నీరు పారును. నాలుగేండ్ల పిల్లకు వచ్చే ఏడు అయిదేండ్లు వచ్చును. ఆ గడచిన ఏడాది ఆమెకు తిరిగి రాదు.

పైగా ఎవరి పిల్లలు అక్కడ కూర్చుందురో తలచుకొనుడు. తెల్లవారగనే కూలికి పోవు తల్లుల బిడ్డలు. కలవారి ఇండ్లలో బజారునుండి బొమ్మలు వచ్చును. ఆ బిడ్డలకు దొరకిన ఆటబొమ్మ అంగన్‌వాడీలోనే దొరకవలెను.

కావున మా సూచనలు ఇవి. సభ్యులు వచ్చే సమావేశమునకు ముందు ఒకమారు తమ వార్డులోని కేంద్రమునకు వెళ్ళి, గోడలను గాక, పిల్లల చేతులను చూడవలెను. చేతిలో ఆటవస్తువు ఉన్నదా లేదా? బీరువాకు తాళమున్నచో, విరిగిన వస్తువులను లెక్కనుండి తీసివేయు పద్ధతి ఏమియో సూపర్‌వైజరును అడిగి, ఆ పద్ధతిని కార్యకర్తకు తెలియజేయవలెను. సర్కారు సొమ్మునకు లెక్క అక్కరలేదని మేము చెప్పము. వాడుకలో అరిగిన దానికి భయపడనక్కరలేదని ఆమెకు ధైర్యము కలుగవలెను.

తరువాత, స్వయం సహాయక సంఘముల సోదరీమణులను, దర్జీని, బడి ఉపాధ్యాయులను పిలిచి కుట్టుపని దినమొకటి నిర్ణయించవలెను. కోతలు, నాట్లు లేని రోజులైన మంచిది. కుట్టుపని తెలిసిన ముసలమ్మలను మరువరాదు. కంటిచూపు మందగించి సూదిలో దారము ఎక్కించలేకపోయినను, ఏ కుట్టు నిలుచునో, ఏది ఊడునో చెప్పగలవారు వారే. దారము ఎక్కించుటకు బడిపిల్లలు ఉన్నారు. మగవారు దూది ఏకవచ్చును, గుడ్డలు ఉతికి ఆరవేయవచ్చును. ఎవరికి కూలి నష్టపెట్టి పని చేయించరాదు. అట్లు చేయించినచో రెండవ ఏట ఎవరును రారు.

ఒక విషయము గుర్తుంచుకొనవలెను. ఊరిపిల్లల కొరకు కుట్టుకొనుట వేరు, అమ్ముకొనుట వేరు. ఆటవస్తువుల నాణ్యతను గూర్చిన 2020 నాటి ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము అమ్మకపు బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన చేతిపనివారు తయారుచేసి అమ్మెడి బొమ్మలకు మినహాయింపు కలదు. మీ ఊరి మహిళలు చేయి తిరిగిన తరువాత అమ్మకమునకు పూనుకొనదలచినచో ముందుగా ఆ నమోదు సంగతి విచారించుకొనవలెను.

తీర్మానము వ్రాయుటకు వీలుగా ఒక నమూనాను చదువుచున్నాము. మీ ఊరికి తగినట్లు మార్చుకొనవచ్చును:

“మన గ్రామములోని అంగన్‌వాడీ కేంద్రముల పిల్లలకు గ్రామస్థుల సహకారముతో గుడ్డ ఆటవస్తువులు కుట్టించి ఇచ్చుటకు తీర్మానించడమైనది. ఈ వస్తువులు ప్రతిదినము పిల్లల చేతికి అందుబాటులో, నేలపై గంపలలో ఉంచవలెను. వారమునకొకమారు తొడుగులను ఉతికించు బాధ్యతను, నెలకొకమారు కుట్లు పరీక్షించి బాగుచేయించు బాధ్యతను ఇద్దరు వార్డు సభ్యులు వహింతురు. వాడుకలో చిరిగిన గుడ్డబొమ్మలకు కార్యకర్తగాని, సహాయకురాలుగాని బాధ్యులు కారు.”

ఈ చివరి వాక్యమును మాత్రము దయచేసి విడిచిపెట్టకుడు. దానిలోనే ఆ బీరువా తాళపుచెవి ఉన్నది.

సోదర సోదరీమణులారా! మేము చెప్పినది పెద్ద పథకము కాదు. దీనికి ప్రారంభోత్సవము అక్కరలేదు, శిలాఫలకము అక్కరలేదు. బొమ్మలు కుట్టి ఇచ్చిన ఆరునెలలకు మీరు కేంద్రమునకు వెళ్ళినపుడు అవి క్రొత్తవివలె మెరయుచున్నచో మన పని చెడినదని తెలిసికొనుడు. చెవి ఊడి మరల కుట్టిన కుందేలు, రంగు వెలిసిన బంతి, మూలలు అరిగిన పుస్తకము కనిపించినచో మన పని నెరవేరినదని సంతోషించుడు. అపుడు కార్యకర్తను “బొమ్మలు లెక్కకు సరిపోయినవా?” అని అడుగక, “పిల్లలు ఆడుకొనుచున్నారా అమ్మా?” అని అడుగుడు. ఆ ప్రశ్నను అడుగుట మేము కూడ ఆలస్యముగా నేర్చుకొంటిమి. మీరు ఈ నెల సమావేశముననే ప్రారంభింతురని నమ్ముచు, సెలవు తీసికొనుచున్నాము.